కంచం వెనక కబుర్లు: ఈ నెల మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన సంచికలో "మనం తినే తిండి గురించి ఏదైనా అడగండి" అని చిన్న బాక్స్ కట్టి వేస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. వాట్సాప్‌లో వచ్చినవి వేరే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవి ముందు తీసుకున్నాను. పక్షపాతమే అనుకోండి, నేను పుట్టింది చీపురుపల్లి దగ్గర పల్లెలో మరి. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను. ఎవరి పేర్లూ వేయలేదు.

ప్రశ్న: అక్కా, మా అత్తగారు రోజూ చోడంబలి తాగి డెబ్బై ఏళ్లకి కూడా పొలం వెళ్లేవారట. ఇప్పుడు అవే చోళ్లు "రాగులు" అని పేరు మార్చుకుని, అందమైన ప్యాకెట్లో సన్నబియ్యం కంటే ఖరీదుగా కూర్చున్నాయి. పేదోళ్ల తిండి డబ్బున్నోళ్ల తిండి ఎలా అయిపోయింది? మళ్లీ అందరం అటు వెళ్లిపోవాలంటారా?
(గృహిణి, గజపతినగరం)

జవాబు: ముందే చెప్పేస్తానమ్మా, నేను "పాతకాలమే బంగారం" బ్యాచ్ కాదు. మా మామ్మ కూడా అంబలి మీదే బతికింది, కానీ ఆ అంబలి వెనక తిరగలి ఉండేది. తెల్లారుజామున నాలుక్కి లేచి, ఒక కాలు చాపుకుని కూర్చుని, ఎడం చేత్తో గుప్పెడు గుప్పెడు చోళ్లు కంతలో పోస్తూ కుడి చేత్తో పిడి తిప్పుతుంటే ఆ గుర్రుమనే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. ఆవిడ అరచేతిలో బొటనవేలి మొదట్లో ఒక కాయ కాసి ఉండేది. గోరుతో ఎంత నొక్కినా ఆవిడకి తెలిసేది కాదు, పిల్లలం అదో ఆటలా నొక్కేవాళ్లం. పదిమంది ఉన్న ఇంట్లో ఆ పని మగవాళ్లు ఒక్కరోజైనా చేసిన గుర్తు నాకు లేదు. తెల్లన్నం పండగకో, అల్లుడొస్తేనో.

1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక ఇదంతా మారిపోయింది. కడుపు నిండింది సరే, పెద్దిళ్లలో తినేదే మన కంచంలోనూ ఉందన్న మర్యాద కూడా దక్కింది. ఆ మర్యాద విలువ తెలియనివాళ్లు ఇప్పుడు కూర్చుని "జనం మిల్లెట్స్ మానేసి తప్పు చేశారు" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే సర్కారు కొనేదీ ఇచ్చేదీ బియ్యమే అయ్యేసరికి, గరువు (మెట్ట) భూముల్లో చోళ్లు, గంటెలు (సజ్జలు), సామలు వేసేవాళ్లు తగ్గిపోయారు. అక్కడ మామిడి వచ్చింది, జీడి వచ్చింది, నీలగిరి, సరుగుడు వచ్చాయి, తర్వాత మొక్కజొన్న. వేసేవాళ్లు తగ్గితే సరుకు తగ్గింది, ఈలోగా షుగర్ వచ్చిన పట్నం వాళ్లకి డాక్టర్లు చోళ్లు తినమన్నారు, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, ప్యాకెట్ల కంపెనీలు దిగాయి. రేటు ఎందుకు పెరగదు? అలాగని పెరిగిన రేటు పండించినవాడికి చేరుతోందా అంటే అదీ లేదు. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధరలు చూడండి, సాధారణ రకం ధాన్యం క్వింటాలు 2,369 రూపాయలు, రాగులు 4,886. కాగితం మీద చోళ్లదే పైచేయి. కానీ ధాన్యానికి కొనుగోలు కేంద్రం ఉంటుంది, చోళ్లకి సంతలో షావుకారు చెప్పిందే రేటు. రైతు దేన్ని వేస్తాడో మీరే చెప్పండి.

మంచి తిండే, అందులో అనుమానం లేదు. వంద గ్రాముల చోళ్లలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. తెల్ల బియ్యంలో పది కూడా ఉండదు. నిలవనీళ్లు అక్కర్లేదు, వాన పడితే చాలు. ఇంకో సంగతి, రాగి విత్తనాల్లో వి.ఆర్. అని మొదలయ్యే రకాలు ఉంటాయి కదా, వి.ఆర్. 708 అలాంటివి, ఆ వి అంటే విజయనగరమే, మన పరిశోధన కేంద్రంలో పుట్టినవి. 708కి చంపావతి అని మన ఏటి పేరే పెట్టారు. విత్తనం మనది, ప్యాకెట్ బెంగళూరుది!

అందరూ అన్నం మానేయక్కర్లేదు. పొద్దున ఇడ్లీ, ఉప్మా బదులు వారంలో నాలుగు రోజులు అంబలి చాలు, ఇప్పుడు పిండి మరే ఆడుతుంది కాబట్టి ఎవరి చేతిలోనూ కాయలు కాయవు. ప్యాకెట్ కొనకండి, సంతలో చోళ్లు కొని మరకి పట్టించుకోండి. మిగతాది సర్కారు పని. 2023 మార్చి నుంచి బడి పిల్లలకి వారానికి మూడు రోజులు రాగిజావ పెట్టడం మొదలెట్టారు, ఆ పిండికి చోళ్లు మన గరువుల నుంచే కొంటే రైతు దానంతటదే తిరిగొస్తాడు.

ప్రశ్న: రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారని మా వీధంతా టెన్షన్ పడుతున్నాం. కడిగితే కొన్ని గింజలు పైకి తేలుతున్నాయి, రంగు కూడా తేడాగా ఉంది. తినొచ్చా?
(రాజాం)

జవాబు: తినొచ్చు, అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మెషిన్లో మళ్లీ గింజల్లా ఒత్తినవి. కిలోకి సుమారు పది గ్రాములు, అంటే వంద గింజలకి ఒకటి కలుపుతారు. రక్తహీనత ఎక్కువగా ఉందని రేషన్లో, బడి భోజనంలో ఇవ్వడం మొదలెట్టారు. తేలినవాటిని ఏరి పారేస్తే పారబోసింది మందునే. గంజి వార్చినా కొంత పోతుంది కాబట్టి అత్తెసరు పెట్టండి. ఇంట్లో తలసీమియా లాంటి జబ్బు ఉన్నవాళ్లుంటే మాత్రం డాక్టర్ని అడగండి, వాళ్ల ఒంట్లో ఇనుము ముందే ఎక్కువగా ఉంటుంది.

నా గొణుగుడు ఒకటి ఉంది. బియ్యాన్ని తెల్లగా, ఇంకా తెల్లగా పాలిష్ పట్టి, తవుడుతో పాటు బలమంతా తీసేసి, తర్వాత ఫ్యాక్టరీలో బలం తయారు చేసి కలపడం ఏమిటో! ఆకుకూరా, గుడ్డూ రోజూ కొనుక్కోగలిగితే ఆ గింజ అవసరమే ఉండదు. కొనలేని ఇల్లు ఉన్నన్నాళ్లు దాన్ని వద్దనలేను.

ప్రశ్న: మేడం గారూ, మాది వంశధార మీది గొట్టా బ్యారేజి ఎడమ కాలువ శివారు. రెండున్నర ఎకరాలు, అందులో ఎకరంన్నర కౌలు. వరి మళ్ల వల్ల భూమి వేడెక్కుతోందని టీవీలో ఎవరో చెప్పారు. ఏసీలు, విమానాలు వాళ్లవి, తప్పు మాదా? వరి కోత మెషిన్ వచ్చాక పెసలు, మినుములు, గడ్డి కూడా పోతున్నాయి.
(రైతు, నందిగాం మండలం)

జవాబు: మీ కోపం న్యాయమే బాబూ. కానీ టీవీలో చెప్పింది అబద్ధం కూడా కాదు. మడిలో నీళ్లు నెలల తరబడి నిలబడితే మట్టికి గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డినీ ఎరువునీ తిని మీథేన్ వదులుతాయి, అది వరి కాడ లోపలి గొట్టాల్లోంచి పైకి వచ్చేస్తుంది. మడిలో దిగితే కాలి పక్కనుంచి బుడగలు బుడబుడమని వస్తాయే, అదే. వందేళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే ఇరవై ఎనిమిది రెట్లు వేడి పట్టి ఉంచుతుంది.

దీనికి మందు ఉంది, అందులో మీకూ లాభమే. ఆరుతడి. చిల్లులు పెట్టిన పైపు ముక్క ఒకటి మడిలో పాతి, లోపల నీళ్లు నేలమట్టం కంటే పదిహేను సెంటీమీటర్లు కిందికి దిగేదాకా ఆగి అప్పుడు మళ్లీ తడి పెట్టడం. పూత సమయంలో మాత్రం ఎండనివ్వకూడదు. ఇలా చేస్తే నీళ్లు నాలుగో వంతు దాకా మిగులుతాయి, మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, దిగుబడి పడిపోదు. మన వైపు ఎదలు చల్లే అలవాటు, అంటే నారు పోయకుండా విత్తనాలే నేరుగా చల్లడం ఎలాగూ ఉంది, పొడి దుక్కిలో చల్లిన ఎద వరికి దమ్ము నీళ్లు అక్కర్లేదు, అది కూడా మంచిదే.

ఇది చెప్పినంత సులువు కాదని నాకూ తెలుసు. ఆరుతడి చెయ్యాలంటే కావాల్సినప్పుడు నీళ్లు రావాలి. కాలువ శివారు వాడికి నీళ్లు వచ్చినప్పుడే పండగ, రేపు వస్తాయో రావో తెలియనివాడు ఇవాళ మడి నింపుకోక ఏం చేస్తాడు? బోరున్నవాడూ, కాలువ మొదట్లో ఉన్నవాడూ ముందు ఆరబెడితే ఆ మిగిలిన నీళ్లు మీ దాకా వస్తాయి. కాబట్టి ఈ పాఠం చెప్పాల్సింది మీకు కాదు, పైవాళ్లకి.

మీ చేతిలో ఉన్నది యూరియా. బస్తా 266 రూపాయల 50 పైసలకే వస్తోందని పక్క మడి కంటే పచ్చగా కనపడాలని ఇంకో అర బస్తా వేసేస్తాం. మొక్క తాగగా మిగిలింది కొంత నీళ్లలో కలుస్తుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్ అయి గాల్లోకి పోతుంది, అది మీథేన్ కంటే ఘోరం. పైగా పచ్చగా మెత్తగా ఉన్న చేనంటే పైరుని పీల్చే సుడిదోమకి మహా ఇష్టం, దోమ వస్తే మళ్లీ మందు. ఎకరాకి ఎంత వెయ్యాలో మట్టి పరీక్ష చెప్తుంది, షాపువాడిని అడక్కండి.

వరి కోత మెషిన్ గురించి కూడా రాశారు. నిజమే, మెషిన్ వచ్చాక కోతకి ముందు మడిలో చల్లుకునే పెసలు, మినుములు చక్రాల కింద నలిగిపోతున్నాయి, గడ్డి ముక్కలై పశువుకి పనికిరావట్లేదు, కొన్నిచోట్ల తగలబెట్టేస్తున్నారు. పెసలు మానేసిన ఊరే పప్పు కొట్లో కొనుక్కుంటోంది. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు, కూలీలు దొరకనప్పుడు కొడవలి పట్టమని ఎవరికి చెప్పను!

ప్రశ్న: బాయిలర్ కోడికి హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తారా? మా బాబు వారానికి నాలుగు రోజులు చికెన్ లేకపోతే ముద్ద ముట్టడు.
(బొబ్బిలి)

జవాబు: వెయ్యరు. వేలకి వేల కోళ్లకి రోజూ ఎవరు సూది పొడుస్తారు చెప్పండి, ఆ ఖర్చుకి కోడి గిట్టుబాటే కాదు. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటడం ఆ జాతి గుణం, దశాబ్దాల తరబడి అలా ఎంపిక చేస్తూ వచ్చారు, దానికి తగ్గ మేత.

భయపడాల్సింది యాంటీబయాటిక్స్ గురించి. జబ్బు లేకపోయినా, ఇరుకు షెడ్లలో జబ్బు రాకుండా, బరువు బాగా రావాలని మేతలో కలిపే అలవాటు ఉంది. అలా కలిపితే మందుకి లొంగని క్రిములు తయారవుతాయి. మనుషులకి ఆఖరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్ అనే మందుని కోళ్లకీ పశువులకీ వాడొద్దని కేంద్రం 2019లో నిషేధించింది, అంటే అప్పటిదాకా వాడుతున్నారనేగా.

మన రబీ మొక్కజొన్న ఎక్కువగా పోయేది కూడా ఆ మేతలోకే. ఇంక షెడ్డు పెట్టినవాళ్ల సంగతి చాలామందికి తెలియదు. ఒప్పందం పద్ధతిలో పిల్ల కంపెనీది, మేత కంపెనీది, రేటు కంపెనీది, పెరిగిన కోడి కూడా కంపెనీదే. షెడ్డు అప్పు, కరెంటు బిల్లు, ఎండాకాలంలో చచ్చిన కోళ్లు, ఊరివాళ్లతో ఈగల తగాదా మాత్రం రైతువి. బాబుకి వారానికి రెండు రోజులు చాలు, మిగతా రోజులు గుడ్డు, పప్పు, చేప పెట్టండి. ఏడిస్తే కాసేపు ఏడవనివ్వండి.

ప్రశ్న: మాది కవిటి. ఇంట్లో ఇద్దరికి కిడ్నీ జబ్బు. పొలాల్లో కొట్టిన మందుల వల్లేనా? కూరగాయలు తినాలన్నా భయంగా ఉంది.
(పేరు రాయొద్దన్నారు)

జవాబు: అమ్మా, మీకు తొందరపడి ఏదో ఒకటి చెప్పేసి పంపేయలేను. మీ ఉద్దానం ప్రాంతంలో ఈ కిడ్నీ జబ్బుకి ఫలానాదే కారణమని ఇంతవరకూ తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పనిచెయ్యడం అన్నారు, నొప్పి బిళ్లలన్నారు. ఒకటి కాదు, కొన్ని కలిసి దెబ్బ తీస్తున్నాయనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. మీ పొలాన్నో మీ వంటనో నిందించుకోకండి.

2023 డిసెంబర్‌లో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు, హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో ఉద్దానానికి మంచినీళ్ల పథకమూ అప్పుడే మొదలైంది. కుళాయి నీళ్లు వస్తుంటే తాగడానికీ వంటకీ అవే వాడండి, బోరు నీళ్లు గిన్నెలకీ బట్టలకీ ఉంచండి. ఇంట్లో ముప్పై దాటిన అందరికీ ఏడాదికోసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి, జబ్బు ముదిరేదాకా కాళ్లవాపు కూడా రాదు. ఒళ్లునొప్పులకి మందుల షాపులో అడిగి బిళ్లలు మింగడం ఇవాళే ఆపండి, ఇది మటుకు ఖాయంగా కిడ్నీకి చేటు.

కూరగాయలు మానకండి, ఇద్దరికీ ఏది ఎంత తినాలో మాత్రం డాక్టర్ చెప్పినట్టు. పంపులో కడిగి, కాసేపు ఉప్పునీళ్లలో ఉంచి మళ్లీ కడిగితే పైన అంటుకున్నది చాలావరకు పోతుంది, లోపలికి పీల్చుకున్నది పోదు. మందు డబ్బా మీద రంగు త్రికోణం చూస్తారా? ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కొట్టేవాళ్లకి తొడుగుల్లేవు, లుంగీ కట్టుకుని, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని ఎదురుగాలిలో కొడతారు. తినేవాడి కంచంలోకి చేరేది చుక్క, కొట్టేవాడి ఒంటిమీద పడేది గ్లాసుడు.

ప్రశ్న: నేను కళింగపట్నం వాడిని, ఉద్యోగరీత్యా విజయనగరంలో ఉంటున్నాను. సముద్రం గంటన్నర దూరంలో పెట్టుకుని బజార్లో ఐసు వేసిన చెరువు చేప తింటున్నాం. మన చేప ఎక్కడికి పోయింది?

జవాబు: మన చేపే కాదు తమ్ముడూ, మన చేప పట్టేవాడూ పోయాడు. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఏ జిల్లాకీ అంత లేదు. అయినా చెప్పుకోదగ్గ హార్బర్ లేక మన కుర్రాళ్లు ఏళ్లుగా గుజరాత్ వెళ్లి వెరావల్ బోట్లలో జీతానికి వేటాడుతున్నారు. 2018 నవంబర్‌లో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్ వాళ్లకి దొరికిపోయి, పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో ఉండి 2020 జనవరిలో వాఘా దగ్గర ఇటు వచ్చారు. వాళ్లు పట్టిన చేప ఏ దేశం వెళ్లిందో వాళ్లకే తెలియదు.

ఇక్కడ మిగిలిన తెప్పలకి దక్కేది తగ్గింది. పెద్ద బోట్లు, సన్నకన్ను వలలు పిల్ల చేపని కూడా వదలవు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట ఆపేది గుడ్లు పెట్టనివ్వడానికే, ఆ రెండు నెలలకీ ఇచ్చే సాయాన్ని 2025లో ఇరవై వేలు చేశారు. ఆ తర్వాత పది నెలలు ఎడాపెడా లాగేస్తే మళ్లీ మొదటికే.

ఇంకోటి రొయ్య. 2009లో వనామి రొయ్యని మన దేశంలో పెంచడానికి అనుమతిచ్చాక తీరం వెంట చెరువులు తవ్వుకుంటూ పోయారు. డాలర్లు వచ్చాయి, కాదనను. కానీ చెరువు పక్క మడికి ఉప్పెక్కితే వరి రాదు, బావి నీళ్లు నోట పెట్టలేం. రొయ్య మేతలో చేపపొడి వేస్తారు, ఆ పొడి కవళ్ల లాంటి చిన్న చేపలతో చేస్తారు. ఒకప్పుడు కూలి ఇంట్లో రోజూ ఉడికిన చేప అది! మా చిన్నప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే అమ్మ దోసెడు కవళ్లు చాట్లో పోసి, "ఉంచు పాపా, డబ్బులు రేపిద్దువులే" అనేది. ఇప్పుడు ఆ తట్టలు ఆటోల్లో వస్తున్నాయి, అవీ తక్కువే. ఆదివారం పొద్దున్నే దొరికితే కానాగడతలు, నెత్తళ్లు, కవళ్లు అడగండి. వంజరం, చందువా కోసమే అందరూ ఎగబడితే తట్టలో మిగతావి ఎవరికి అమ్ముతుంది పాపం.

ప్రశ్న: మేడం, నేను బీటెక్ చదువుతున్నాను. రూమ్‌లో నలుగురం రాత్రి బిర్యానీ ఆర్డర్ పెడితే పొద్దునకి డబ్బాలు, స్పూన్లు, సాస్ ప్యాకెట్లు ఒక సంచి నిండా. గిల్టీగా ఉంటోంది. మా నలుగురి వల్లే ప్రపంచం పాడైపోతుందా?
(విజయనగరం)

జవాబు: పాడైపోదు, హాయిగా తినండి, కానీ స్పూన్లు వద్దని యాప్‌లో నొక్కండి, మీకు చేతులున్నాయి కదా. డబ్బా కంటే నాకు మీ బిర్యానీలో మిగిలిన సగం అన్నం గురించి ఎక్కువ బెంగ. నలుగురికి నాలుగు తెప్పించి రెండు పారేస్తారని నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఒకడున్నాడు.

మొన్న ఫిబ్రవరిలో దగ్గరివాళ్ల పెళ్లికి ఓ ఫంక్షన్ హాలుకి వెళ్లాను. లెక్కపెట్టాను, ముప్పై ఒక్క ఐటమ్స్. పక్కన కూర్చున్న పెద్దాయన పులిహోర, బిర్యానీ, జీరా రైస్ మూడూ వడ్డించుకుని ఒక్కో ముద్ద రుచి చూసి చెయ్యి కడిగేసుకున్నాడు. చెప్పులు వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే పెరట్లో ఇద్దరు ఆడవాళ్లు ప్లేట్లు దులుపుతున్నారు. నీలం డ్రమ్ములు ఆరు నిండిపోయి, ఏడోదాంట్లో గులాబ్ జామూన్లు పాకంతో సహా సాంబారన్నం మీద తేలుతున్నాయి. "పందులోళ్లొచ్చి అట్టుకెళ్తారా?" అని అడిగితే, "ప్లాస్టిక్ గళాసులు కలిసిపోనాయి కదమ్మా, ఆళ్లూ వద్దంతన్నారు" అంది ఒకావిడ. మునిసిపాలిటీ బండి రావాలి, లేదా గెడ్డ (వాగు)లోకి. ఆమెకి ఆ రోజు కూలి ఎంతో అడిగాను, చెప్పింది, మన ఒక్క ప్లేటు రేటు కంటే తక్కువ.

2022లో ప్రపంచం మొత్తం మీద ఇళ్లలో, హోటళ్లలో, కొట్లలో పారేసిన తిండి 105 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క తేల్చింది. అందులో అరవై శాతం ఇళ్లలోదే. మన దేశంలో ఇళ్లలో పారేసేది మనిషికి ఏడాదికి 55 కిలోలు, అంటే ఒక బియ్యం బస్తా, ఇంకా కొంచెం. చెత్తకుప్పలో కుళ్లిన అన్నం కూడా మీథేనే వదులుతుంది. నందిగాం రైతుని అడిగేముందు ఆ డ్రమ్ములని అడగాలి మనం.

పెళ్లివాళ్లకి చెప్పి చూశాను, "ఐటమ్స్ తగ్గిస్తే మాట పడాలండీ" అన్నారు. అదీ నిజమే. ఎవరో ఒకరు ఆ మాట పడాలి. నా వంతు వచ్చినప్పుడు పడతాను, అరిటాకు వేసి పదకొండు రకాలు, వడ్డన బంతి భోజనమే. మా ఆడపడుచు ఇప్పటికే అలిగింది.

ప్రశ్న: మా అమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. హాస్టల్లో నా ఫ్రెండ్స్ ఆవు పాలు మానేసి జీడిపప్పు పాలు తాగుతూ భూమిని కాపాడుతున్నాం అంటారు. నాకేం చెప్పాలో తెలియట్లేదు.
(డిగ్రీ విద్యార్థిని, కాశీబుగ్గ)

జవాబు: మీ అమ్మ చేతులు ఒకసారి ఫోటో తీసి చూపించు తల్లీ, ఇంకేం చెప్పక్కర్లేదు. జీడిపిక్క పెంకులో ఉండే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. చేతికి నూనో బూడిదో పూసుకుని పనిచేసినా వేళ్ల కొసలు నల్లబడి, పొర ఊడి, గోళ్ల పక్కన పగుళ్లు. పండగకి గోరింటాకు పెట్టినా ఆ వేళ్లకి పండదు. పప్పు గుండుగా దిగితే ఒక రేటు, బద్దయితే ఇంకో రేటు, కూలి లెక్క కిలోలమీద. తొడుగులిస్తే పని మెల్లగా సాగుతుందని ఇవ్వరు, వేసుకుంటే సంపాదన తగ్గుతుందని వీళ్లూ వేసుకోరు.

ఇంకో విశేషం, పలాస జీడిపప్పు అని మనం ముచ్చటగా కొనే దాంట్లో పిక్క చాలావరకు ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మన చెట్లు కూల్చాక అది ఇంకా పెరిగింది, జీడి చెట్టు మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది కదా.

ఆవులు మీథేన్ వదులుతాయన్నది నిజమే, నీ ఫ్రెండ్స్ అబద్ధం చెప్పట్లేదు. వాళ్లకి సగమే తెలుసు. మిగతా సగం నీకు తెలుసు కాబట్టి మొహమాటపడకుండా చెప్పు, తగాదా వద్దు. అమ్మని పీఎఫ్, ఈఎస్ఐ కార్డు ఉన్నాయో లేవో అడుగు. పెద్ద యూనిట్ అయితే ఉండి తీరాలి.

ప్రశ్న: బియ్యం ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల్లోనే వస్తున్నాయి. గోనెసంచులు ఏమైపోయాయి?
(నెల్లిమర్ల)

జవాబు: మీ ఊరి జూట్ మిల్లు సైరన్‌ని అడగాలి ఆ మాట! తిండిగింజలు జనపనార సంచుల్లోనే నింపాలని 1987లో చట్టమే ఉంది, సర్కారు కొన్న ధాన్యానికి ఇంకా అదే దిక్కు. ప్రైవేటు బ్రాండ్ల బియ్యం మటుకు తళతళలాడే ప్లాస్టిక్‌లోనే. మిల్లులు తెరుస్తూ మూస్తూ ఉండేసరికి సంచులకి నారనిచ్చే మన గోగు చేలు మొక్కజొన్న చేలైపోయాయి. గోగు ఊరవేసిన చెరువు కంపు మాత్రం ఎవరూ గుర్తు చేయొద్దు, నేను ముక్కు మూసుకునే బడికి వెళ్లేదాన్ని.

ప్రశ్న: అంబలి మంచిదంటారు గానీ మా ఇంట్లో ఎవరికీ చెయ్యడం రాదు. యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.
(శ్రీకాకుళం నుంచి నలుగురు, సాలూరు నుంచి ఒకరు)

జవాబు: రాత్రి నాలుగు చెంచాల చోడిపిండి ఒక గ్లాసు నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మూతపెట్టి వదిలేయండి. పొద్దునకి కొంచెం పులిసిన వాసన రావాలి, చలికాలమైతే ఇంకో పూట ఆగండి. గిన్నెలో మూడు గ్లాసుల నీళ్లు మరిగించి గుప్పెడు బియ్యం నూక వేసి మెత్తగా ఉడకనివ్వండి. అప్పుడు మంట తగ్గించి, పులిసిన పిండిని ఒక చేత్తో సన్నగా పోస్తూ రెండో చేత్తో గరిటె తిప్పుతూనే ఉండాలి, ఫోన్ మోగినా ఎత్తకూడదు, ఎత్తితే ఉండ కడుతుంది. పచ్చివాసన పోయి పైన మెరుపు వచ్చేదాకా ఉడికించి దించేయండి. పూర్తిగా చల్లారాక ఉప్పు, పల్చటి మజ్జిగ. పక్కన పచ్చి ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండుమిరపకాయ. గ్యాస్ మీద కాల్చినా పర్వాలేదు గానీ కిటికీ తీసి పెట్టుకోండి, ఆ ఘాటుకి పక్కింటివాళ్లు కూడా దగ్గుతారు.